ముందు ఊరు... ఆ తర్వాతే పేరు

కొత్తవాళ్లకు తన గురించి తాను ఏం చెప్పుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఏది దాచుకోవాలి? చిన్న ప్రశ్నల్లానే కనిపిస్తాయి. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఒక్క పరిచయం వెనక ఊరు, కులం, యాస, పని, తీరు... ఇన్ని సంగతులుంటాయి.

కరీంనగర్ బస్టాండులో వేములవాడ బస్సు కోసం కూర్చున్న ఇద్దరు కొత్తవాళ్ల మధ్య మాట ఎలా మొదలవుతుందో ఎప్పుడైనా గమనించారా? ‘నమస్కారం, నా పేరు ఫలానా’ అని ఎవరూ అనరు. సంచీ కాస్త పక్కకు జరిపి చోటిస్తారు. ‘‘ఏ ఊరు బిడ్డా మీది?’’ అని అడుగుతారు. ఊరు చెప్పగానే ‘‘అట్లనా! మా మేనత్తను ఇచ్చింది గా ఊరికే’’ అంటారు. తర్వాతి ప్రశ్న ‘‘ఎవలింటోళ్లు?’’ ఆ తర్వాత ఏం పని, ఎందరు పిల్లలు, పొలమెంత, ఈసారి వానలెట్లున్నాయి... ఇలా సాగుతుంది. బస్సు వచ్చేసరికి వరుస కూడా కలిసిపోతుంది. ఒకరు కాక, ఇంకొకరు అల్లుడు. పేర్లు మాత్రం ఇద్దరూ అడగనే లేదు!

పేరంటే లెక్కలేక కాదు. ఈ ప్రాంతంలో పేరు ఒక్కటే చెబితే మనిషి ఆనవాలు దొరకదు. వేములవాడ రాజన్న పేరుతో ఊరూరా రాజయ్యలు, రాజవ్వలు, రాజేశాలు, రాజమల్లులు ఉంటారు. కొమురవెల్లి మల్లన్న పేరుతో మల్లయ్యలు, కొమురయ్యలు. కొండగట్టు అంజన్న పేరుతో అంజయ్యలు. వాడకు నలుగురు రాజయ్యలున్న ఊళ్లో ‘రాజయ్య ఇల్లెక్కడ’ అని అడిగితే ‘ఏ రాజయ్య?’ అన్న ప్రశ్నే ఎదురొస్తుంది. అప్పుడు పనికొచ్చేది మనిషి తీరు. ఎప్పుడూ సైకిల్ మీదే తిరిగే ఆయన సైకిల్ రాజయ్య. పొద్దస్తమానం చెవి దగ్గర రేడియో పెట్టుకునే ఆయన రేడియో మల్లయ్య. దేవుడు ఇచ్చిన పేరు అందరిదీ ఒకటే. ఊరు ఇచ్చిన పేరు మాత్రం ఎవరిది వారిదే.

‘తీరు’ అన్న ఈ మాటను కాస్త పట్టించుకోవాలి. అలవాటు, పట్టింపు, చాదస్తం, కొంచెం తిక్క... అన్నీ అందులో ఉన్నాయి. ‘‘ఆయన తీరే అంత’’ అంటే తిట్టూ కాదు, పొగడ్తా కాదు. ‘ఆ మనిషిని అలాగే ఒప్పుకున్నాం’ అని ఊరంతా చేసిన సంతకం.

ఏ బాయి? ఎన్ని సాంచెలు?

ఊరు మారితే ప్రశ్న కూడా మారుతుంది. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి... ఈ బొగ్గు పట్టణాల్లో కొత్త మనిషిని అడిగే మొదటి మాట ‘‘ఏ బాయి?’’ అని. బాయి అంటే మంచినీళ్ల బావి కాదు, సింగరేణి బొగ్గుగని. ఆ వెంటనే ‘‘ఏ షిఫ్టు?’’. ఈ రెండింటికీ జవాబు తెలిస్తే అవతలి మనిషి ఎప్పుడు నిద్రపోతాడో, ఎప్పుడు ఇంటికి వెళ్తే దొరుకుతాడో, ఎవరెవరితో కలిసి గనిలోకి దిగుతాడో తెలిసిపోయినట్టే. రాత్రి షిఫ్టు మనిషి ఇంటి తలుపు పొద్దున పదింటికి కొట్టకూడదన్నది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన మర్యాద.

సిరిసిల్లలో అయితే లెక్క వేరు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ‘‘ఎన్ని సాంచెలు?’’ అని అడిగితే సొంతంగా ఉన్నవా, పక్కవాళ్ల దగ్గర కూలికి నడిపిస్తున్నాడా అన్నది కూడా అందులోనే తేలిపోతుంది. గల్ఫ్ దారి పట్టిన పల్లెల్లో ఇంకో రకం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మనిషిని ‘‘ఎట్లున్నవ్?’’ తర్వాత అడిగేది ‘‘కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా?’’ అని. కంపెనీ వీసా అంటే జీతం, గది, తిరుగు టికెట్‌కు కాస్త భరోసా. ఆజాద్ వీసా పేరులో స్వేచ్ఛ ఉంది గానీ, అక్కడికి వెళ్లాక పని వెతుక్కోవాల్సింది తనే. ఒక్క మాటలో ఆ ఇంటి అప్పు, ఆ ఇంట్లో ఆడవాళ్ల దిగులు సగం తెలిసిపోతాయి.

చివరికి ‘ఏ జిల్లా?’ అన్న ప్రశ్నకూ జవాబు ఇప్పుడు అంత తేలిక కాదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు విడిపోయాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరయ్యాయి. కొన్ని మండలాలు పొరుగు జిల్లాలకు వెళ్లాయి. అయినా హైదరాబాద్‌లో కలిసిన ఇద్దరు ‘‘మాది ఉమ్మడి కరీంనగర్’’ అని చెప్పుకుని మురిసిపోతారు. కాగితం మీద గీత మారినంత తొందరగా నోటి మీద ఊరు మారదు.

అడిగేది ఊరే... తెలుసుకునేది?

ఇంతవరకూ చదివితే ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. ఊరంతా చుట్టాలే అన్నట్టుంటుంది. కానీ ‘‘ఎవలింటోళ్లు?’’ అన్న మాటకు ఇంకో ముఖం కూడా ఉంది. ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం అడగడమే. నేరుగా అడిగితే బాగుండదని పక్కదారిలో అడుగుతారు. ఊరు చెబితే చాలదు, ‘‘ఊళ్లె ఏ దిక్కు?’’ అంటారు. బడి దగ్గరా, చెరువు దగ్గరా, వాడలోనా? ఆ ఒక్క దిక్కుతో లెక్క తేలిపోతుంది. అంతదాకా ‘బిడ్డా’ అని పిలిచిన గొంతు ఆ జవాబు తర్వాత కూడా ‘బిడ్డా’ అనే పిలుస్తుందా, లేక ఒక్కసారిగా పొడిబారుతుందా అన్నది ఆ గడియలోనే తెలుస్తుంది. పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కునే వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ‘గది ఖాళీగా ఉంది’ అన్న బోర్డు, ఇంటిపేరు చెప్పిన తర్వాత ‘నిన్ననే ఎవరో వస్తామన్నారు’ అన్న మాటగా మారడం ఎందరికో అనుభవం.

అందుకే కొందరు తమ పరిచయాన్ని చిన్నది చేసుకుంటారు. ఊరు అడిగితే మండలం చెబుతారు. మండలం అడిగితే జిల్లా చెబుతారు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకుంటారు. బయటివాళ్లకు అది బిడియంలా, పొగరులా కనిపించవచ్చు. నిజానికి అది కాచుకోవడం. పరిచయం అంటే తలుపు తీయడమే. కానీ తీసిన ప్రతిసారీ ఎదురుదెబ్బ తగిలిన మనిషి, తలుపు సందులోంచే మాట్లాడటం నేర్చుకుంటాడు.

‘మై హాబీస్ ఆర్...’

ఊరి ప్రశ్నలతో వేగలేని వాళ్లకు పట్నం వేరే పద్ధతి నేర్పింది. దాని పేరు సెల్ఫ్ ఇంట్రడక్షన్. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో దీనికి ప్రత్యేకంగా తరగతులే ఉంటాయి. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన ఓ అమ్మాయి అలాంటి తరగతిలో లేచి నిలబడిందనుకోండి. చెప్పాల్సిన వాక్యాలన్నీ కాగితం మీద సిద్ధంగా ఉంటాయి. పేరు, చదువు, మార్కులు, బలాలు, బలహీనతలు. ‘హాబీస్’ దగ్గరికి వచ్చేసరికి పాటలు వినడం, పుస్తకాలు చదవడం. బలహీనత ఏమిటంటే పని పూర్తయ్యేదాకా నిద్రపట్టకపోవడం! తరగతిలో అరవై మంది ఉంటే అరవై మంది బలహీనతా అదే.

ఆ అమ్మాయి చెప్పనివి ఏమిటి? తల్లి బీడీలు చేస్తుందని చెప్పదు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి... చాటలో పెరిగే ఆ కట్టలతోనే తన ఫీజు కట్టారని చెప్పదు. నాన్న మస్కట్‌లో ఉన్నాడని చెబుతుంది గానీ, అక్కడ ఏం పనో చెప్పదు. మాట్లాడేటప్పుడు ‘వచ్చింది’ బదులు ‘అచ్చింది’ అని ఎక్కడ జారుతుందోనని ఒక్కో అక్షరం పట్టి పట్టి పలుకుతుంది. తప్పు ఆ పిల్లది కాదు. ఈ యాస వినగానే నవ్వడం చాలాకాలం మన సినిమాలు, నాటకాలే నేర్పాయి. తెర మీద రౌడీకో, నవ్వించే పాత్రకో మాత్రమే దక్కిన భాషను ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు మాట్లాడాలంటే ఎవరికైనా గుండె కావాలి.

ఇలా దాచుకోగా దాచుకోగా మిగిలేది ఎవరికైనా సరిపోయే పరిచయం. ఎవరికైనా సరిపోయేదంటే ఎవరిదీ కానిదన్నమాట. ఇంటర్వ్యూ చేసే మనిషి సాయంత్రానికి అరవై మందినీ మరిచిపోతాడు. మరి గుర్తుండేది ఎవరు?

చెప్పుకోదగనిదే చెప్పిన గంగవ్వ

ఈ ప్రశ్నకు జవాబు కూడా జగిత్యాల జిల్లాలోనే దొరికింది. మల్యాల మండలం లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ అనే యూట్యూబ్ చానల్ పుట్టింది. అందులో కనిపించిన గంగవ్వ ఆ తర్వాత తెలుగువాళ్లున్న ప్రతి దేశానికీ చేరింది. బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. పొలాల్లో కూలికి వెళ్లి, బీడీలు చుట్టి పిల్లలను పెంచింది. కెమెరా ముందుకొచ్చాక ఆ సంగతులేవీ దాచలేదు. ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అక్కడా అలాగే మాట్లాడింది. మొహమాటం లేదు. కోపం వస్తే కోపం, నవ్వొస్తే నవ్వు. 2020లో ‘బిగ్ బాస్’ నాలుగో సీజన్‌కు వెళ్లినా తీరు మారలేదు. ఆరోగ్యం సహకరించక మధ్యలోనే బయటికి వచ్చింది.

పెద్ద వయసులో కొత్త జనానికి పరిచయమైన మనిషి ఆమె. మార్కులు, పదవులు, ఆస్తులు చెప్పుకోవడానికి ఏమీ లేవు. ఉన్నదల్లా తీరు ఒక్కటే. ఆ తీరే జనానికి పట్టింది. ఇంజినీరింగ్ తరగతిలో పిల్ల దాచుకున్న బీడీల చాట, పలకడానికి భయపడిన యాస... అవే ఇక్కడ గంగవ్వ పరిచయ వాక్యాలయ్యాయి. ఇది చూసి ఎన్ని ఇళ్లలో పిల్లలు తల్లి వైపు కొత్తగా చూసి ఉంటారో!

2023లో వచ్చిన ‘బలగం’ సినిమాదీ అదే దారి. సిరిసిల్ల ప్రాంతపు పల్లె కథ. తీసిన వేణు యెల్దండిదీ సిరిసిల్లే. ఆ కథలో ఓ ఇంటి అల్లుడికి, ఆ ఇంటి కొడుక్కి ఏళ్ల తరబడి మాటల్లేవు. కారణం పెద్ద ఆస్తి తగాదా అనుకుంటే పొరపాటు. ఓ పూట భోజనంలో వడ్డించని నల్లి బొక్క! బయటివాళ్లు వింటే నవ్వుతారు. ఆ ప్రాంతం వాళ్లు మాత్రం నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఎందుకంటే అలాంటి పట్టింపు మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మనిషి పట్టింపు ఏమిటో తెలిస్తే ఆ మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిసినట్టే.

తన గురించి అడిగితే పక్కవాళ్ల ముచ్చట

రాతలో పరిచయం ఇంకా కష్టం. ఎదురుగా మనిషి ఉండడు. ‘‘ఏ ఊరు?’’ అని అడిగే గొంతు ఉండదు. చదివేవాళ్లు ఎవరో తెలియదు. ఈ రెండు జిల్లాల పెద్ద రచయితలు ఈ చిక్కును ఒక్కొక్కరు ఒక్కో తీరుగా విప్పుకున్నారు.

ఆదిలాబాద్‌లో సామల సదాశివ. 1928లో దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టారు. ఉపాధ్యాయుడిగా, అధ్యాపకుడిగా పనిచేశారు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ, సంస్కృతం, ఇంగ్లిష్... ఇన్ని తెలిసిన మనిషి. సురవరం ప్రతాపరెడ్డి, వేలూరి శివరామశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలతో ఉత్తరాలు నడిపారు. ఉర్దూ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చారు. అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు. తాను పాడే మనిషి కాదు, కానీ వినే మనిషి. అలా ఏళ్ల తరబడి విన్న హిందుస్తానీ సంగీతం గురించి రాసిన వ్యాసాలే ‘స్వరలయలు’. దానికి 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది, 2012 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఆయన దినపత్రిక పాఠకుల ముందు చెప్పుకున్న తన కథ ‘యాది’. యాది అంటే జ్ఞాపకం. ఫారసీ, ఉర్దూ నుంచి వచ్చి తెలంగాణ నాలుక మీద స్థిరపడిన మాట. జ్ఞాపకాలు అని పెట్టి ఉంటే పుస్తకం చెప్పుకునేది. యాది అని పెట్టారు గనుక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి చెప్పినట్టయింది. తన గురించి చెబుతున్నానంటూ గురువుల గురించి, స్నేహితుల గురించి, కవుల గురించి చెబుతారు. ఒక ముచ్చట మొదలుపెట్టి, అందులోంచి ఇంకో ముచ్చటలోకి జారతారు. మళ్లీ ఎప్పుడో మొదటి దానికి వస్తారు. ఆ జారడమే ఆయన తీరు. పుస్తకం మూసేసరికి పాఠకుడికి పదుల మంది తెలుస్తారు. వాళ్లందరినీ ఇష్టపడిన మనిషి ఎలాంటి వాడో కూడా తెలుస్తుంది. తనను తాను పరిచయం చేసుకోవడానికి ఇది ఎంత మంచి దారో చూడండి... ‘నేను ఇలాంటివాణ్ని’ అనకుండా, ‘నాకు వీళ్లంటే ఇష్టం’ అనడం!

హనుమాజీపేట నుంచి వచ్చిన సి.నారాయణరెడ్డిది పూర్తిగా ఎదురు తీరు. సింగిరెడ్డి నారాయణరెడ్డి అన్న పొడుగాటి పేరు ‘సినారె’ అన్న మూడు అక్షరాల్లో ఒదిగిపోయింది. చిన్నప్పటి చదువంతా ఉర్దూ మాధ్యమంలో సాగినా తెలుగు కవిగా నిలబడ్డారు. ‘విశ్వంభర’కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు. ఏటా జులై 29న, తన పుట్టినరోజు నాడు, ఒక కొత్త పుస్తకం విడుదల చేయడం ఆయనకు అలవాటు. చూసేవాళ్లకు ముచ్చట, కొందరికి చాదస్తం. కానీ ఆలోచిస్తే అది ఏటా పాఠకుడికి తనను మళ్లీ పరిచయం చేసుకోవడమే. పోయినేడాది నారాయణరెడ్డి వేరు, ఈ ఏడాది నారాయణరెడ్డి వేరు అని చెప్పడం. 2017 జూన్ 12న పోయేవరకూ ఆ పట్టు విడవలేదు.

పి.వి.నరసింహారావుది మూడో తీరు. వంగర గ్రామం, మంథని నియోజకవర్గం. 1957 నుంచి 1977 వరకు అక్కడి శాసనసభ్యుడు. ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి, ప్రధానమంత్రి. కుర్రతనంలో పాములపర్తి సదాశివరావుతో కలిసి ‘జయ-విజయ’ అన్న పేరుతో పత్రికకు రాశారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని పట్టుబట్టి నేర్చుకున్నారు. దేశమంతా తెలిసిన మనిషే అయినా, 1998లో ‘ఇన్‌సైడర్’ రాసినప్పుడు అందులో పి.వి. లేరు. ఆనంద్ అనే పాత్ర ఉంది. రాష్ట్రం పేరు అఫ్రోజాబాద్. నిజం చెప్పడానికి ఆయనకు మారుపేరు కావాల్సి వచ్చింది. మాట తక్కువ మనిషికి అది దాక్కునే చోటూ అయింది, మాట్లాడే చోటూ అయింది. పరిచయం చేసుకోవడంలో ఇదీ ఒక పద్ధతే. ముఖం చాటేస్తేనే కొందరికి నోరు పెగులుతుంది.

ఇక జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్. పొట్టకూటికి ఫొటోలు తీశాడు. జగిత్యాలలో పూర్ణిమ స్టూడియో, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ. ఎక్కడికెళ్లినా ముందు స్టూడియో, అందులోనే కవిత్వం. దినపత్రికలో ‘సిటీ లైఫ్’ పేరుతో ఏళ్ల పాటు రాసిన చిన్న చిన్న కవితలతో నగరానికి తెలిశాడు. కొద్ది పంక్తుల్లోనే చెప్పడం ఆయన తీరు. ఫొటో తీసేవాడికి తెలుసు కదా, ఒక్క క్లిక్‌లో మనిషి రావాలని! క్షయ రోగంతో పేదరికంలోనే 1993 జనవరి 12న పోయాడు. ఆ రోజు ఆయన పుట్టినరోజు కూడా. ఆయన్ను ఒక్కసారి కూడా చూడని వాళ్లు ఇవాళ ఆ కవితలు నోటికి చెబుతారు.

నలుగురు, నాలుగు తీర్లు. ఒకరు పక్కవాళ్ల గురించి చెప్పారు. ఒకరు ఏడాదికోసారి కొత్తగా వచ్చారు. ఒకరు పేరు మార్చుకున్నారు. ఒకరు తక్కువ మాట్లాడారు. ఎవరూ తమ బలాలు, బలహీనతలు పట్టిక వేసి ఇవ్వలేదు.

కొత్త కోడలు తన గురించి చెప్పుకోనక్కర్లేదు

పరిచయం బరువంతా కొత్త మనిషి మీదే ఎందుకు పడాలి? ఈ ప్రశ్నకు ఆదిలాబాద్ అడవిలో గోండులు ఎప్పుడో జవాబు వెతికి పెట్టుకున్నారు.

గోండు సమాజంలో ప్రతి మనిషీ ఒక ‘సగ’కు చెందుతాడు. నాలుగు దేవతల వాళ్లు, అయిదు దేవతల వాళ్లు, ఆరు, ఏడు... ఇలా లెక్క. ఎక్కడో దూరపు గూడెం నుంచి వచ్చిన మనిషి ‘రామ్ రామ్’ చెప్పి, తన సగ చెబితే చాలు. ఇద్దరిదీ ఒకే సగ అయితే అన్నదమ్ముల వరుస, పెళ్లి సంబంధం కుదరదు. వేరు సగ అయితే బావ వరుస, వియ్యమందుకోవచ్చు. బస్టాండులో అరగంట పట్టే వరుస కలుపుడు అక్కడ ఒక్క అంకెతో తేలిపోతుంది.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి దాకా వెళ్లి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. ఆ రాత్రి జరిగే ఓ తంతు పేరు బేటింగ్. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని, మేలిముసుగు వేసుకుని వస్తారు. పెద్దలు వాళ్లను నాగోబాకు చూపిస్తారు. ఆ తర్వాతే ఆ కోడళ్లు వంశం పూజల్లో కలుస్తారు. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఆ పిల్ల తన గురించి తాను ఏమీ చెప్పుకోదు. తన వంట గురించి, చదువు గురించి, తెచ్చిన కట్నం గురించి ఎవరూ అక్కడ అడగరు. ‘ఈమె ఇక మనది’ అని ఇంటివాళ్లే దేవుడికి చెబుతారు. పరిచయం చేసే బాధ్యత వచ్చిన వాళ్లది కాదు, పిలుచుకున్న వాళ్లది.

కాలేజీ హాస్టల్లో తొలిరోజు, ఆఫీసులో తొలిరోజు, కొత్త కాలనీలో తొలిరోజు... ఎవరో ఒకరు భుజం మీద చేయి వేసి ‘‘ఈమె మనమ్మాయి’’ అంటే ఆ ఒక్క మాటతో సగం భయం పోతుంది. అరవై మంది ముందు కాగితం చూసి చదివే పరిచయం కంటే ఆ మాటకు విలువెక్కువ.

మార్లవాయిలో ఒక సమాధి

పరాయి మనిషి ఎంత దూరం నుంచి వచ్చినా పరాయిగానే ఉండిపోనక్కర్లేదని చెప్పే ఊరు మార్లవాయి. జైనూర్ మండలంలో ఉంది. 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాత, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మనిషి క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. భార్య బెట్టీ ఎలిజబెత్. తెల్లదొర, అదీ సర్కారు పంపిన దొర. అంతకంటే అనుమానించాల్సిన పరిచయం ఆ రోజుల్లో గోండులకు ఇంకోటి ఉండదు.

ఆయన చేసిందల్లా ఒక్కటే. మార్లవాయిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. గోండి మాట్లాడాడు. వాళ్ల దేవుళ్ల లెక్క, పాటల లెక్క, భూముల లెక్క ఓపికగా రాసుకున్నాడు. పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే గురువులను అక్కడే తయారు చేయించాడు. నాగోబా జాతరలో జనం గోడు వినే దర్బారు ఆయన చొరవతో మొదలైందే. అది ఇప్పటికీ సాగుతోంది. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆమెను మార్లవాయికే తీసుకొచ్చి సమాధి చేశారు. 1995లో హైమెండార్ఫ్ లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలు కూడా ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న ఊరంతా అక్కడ చేరి వాళ్లను తలుచుకుంటుంది.

ఆ దొర మొదటిరోజు ఊరివాళ్లకు తన గురించి ఏం చెప్పుకున్నాడో ఎవరికి యాది ఉంటుంది? వాళ్లకు యాది ఉన్నది ఆయన ఉండిపోవడం.

కొత్తవాళ్ల ముందు ఏం చెప్పుకోవాలా అని తడబడేవాళ్లు అందుకే అంతగా కంగారుపడక్కర్లేదు. ఊరు చెప్పండి, దాచుకోవాలనిపిస్తే దాచుకోండి. అది మీ హక్కు. అమ్మ చేసే పని చెప్పగలిగితే చెప్పండి. యాస వచ్చిందా, రానివ్వండి. రాత్రి పది దాటితే నిద్రాగదనీ, చాయ్ రెండు పూటలా లేకపోతే మాట పెగలదనీ, అడిగిన వాళ్లకు చెప్పండి. మిగతాది వాళ్లే కనిపెడతారు. కొన్నాళ్లకు మీకు తెలియకుండానే మీ వెనక ఎవరో ఇంకొకరికి మీ గురించి చెబుతారు... ‘‘ఆమె తీరే అంత, మనసు మాత్రం మంచిది’’ అని. అసలు పరిచయం అదే. అది మీ నోటితో చెప్పుకునేది కాదు.